నాలుగు తర్వాత ఆరు

ఆసుపత్రి టెలిఫోను గది,
జూన్ 3

ఒరేయ్ లిస్టుబాబూ,

బావున్నావా? నేను బావున్నాను. నా చెవులు బావున్నాయి. వేళ్ళ మీదే అనుమానంగా ఉంది, అందుకే ఈ టైపు ఉత్తరం. ఫోనులో అడిగితే నువ్వు "ఊఁ" తప్ప ఇంకో ముక్క అనవు కదా.

మా ఆసుపత్రి పక్క బ్యాంకులో డబ్బిచ్చే కౌంటర్లు ఎత్తేశారు. ఇరవై రెండేళ్ళుగా నా గొంతు వినగానే "రండి మేడం" అని, నా వేలు తీసుకెళ్ళి సంతకం గడిలో పెట్టే గుమాస్తా రిటైరయ్యాడు. ఇక అందరూ బయటున్న ఏటీఎం దగ్గరికే పోవాలట. "మీకేం ఇబ్బంది లేదమ్మా, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అదే చెవిలో చెబుతుంది" అన్నాడు మేనేజరు. పొంగిపోయాను. కొత్త ఇయర్‌ఫోన్లు కొనుక్కుని, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్ళాను.

వాటిని గుచ్చే రంధ్రం దొరకలేదురా. కీల చుట్టూ వెతికాను. కార్డు నోటి దగ్గర వెతికాను. కింద, పైన, పక్కన. వెనక వరసలోంచి ఒకాయన "అమ్మా, దానికి మసాజు అయిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను మరి? ఆఖరికి ఆయనే ముందుకొచ్చి "నంబరు చెప్పండి, నేను కొడతాను" అన్నాడు. చెప్పాను. నాది టెలిఫోను గొంతు కదా, వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. డబ్బు నా చేతిలో పెట్టి, ఖాతాలో మిగిలింది కూడా చదివాడు. "ఫరవాలేదే, బానే దాచారు!" అని మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు నంబరు మార్పించుకున్నాను. ఆ కొత్త నంబరూ ఇంకొకరి చేతే నొక్కించాను.

మేనేజరు ఇప్పుడు ఒక కాగితం ఇచ్చాడు. చూపు లేనివాళ్ళు దగ్గరి బంధువుతో కలిపి జంట ఖాతా చేసుకుంటే మేలట. కార్డు ఆ బంధువు దగ్గరుంటుంది. "మీ తమ్ముడుగారు ఏటీఎంలు బాగుచేసేవారేనటగా, అంతకన్నా ఎవరు కావాలి?" అన్నాడు. జులై ముప్పైలోగా సంతకాలు పెట్టాలి. నాకు ఇష్టం లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా జీతం నా చేత్తోనే తీసుకున్నాను. కానీ ఆ రంధ్రం దొరక్కపోతే ఏం చేసేది?

అందుకని అదెక్కడుంటుందో నీ పద్ధతిలో ఒకటి, రెండు అని రాయి. దొరికితే ఈ కాగితం చింపి పారేస్తాను. దొరక్కపోతే నువ్వొచ్చి సంతకం పెట్టు.

నీ ఉత్తరం ఎప్పటిలా పక్కింటి దర్జీ వదినే చదివి పెడుతుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి.

నీ అక్క


సర్వీసు కేంద్రం, మేడ మీది గది,
జూన్ 9

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందినది. నీవు కోరిన వివరాలను క్రమంగా రాస్తున్నాను.

ఒకటి: యంత్రానికి ఎదురుగా నిలబడి, ముందుగా కార్డు పెట్టే చోటును కుడిచేత్తో గుర్తించవలెను. అక్కడ ప్లాస్టిక్కు కొంచెం ముందుకు పొడుచుకుని ఉంటుంది.

రెండు: అక్కడి నుంచి జానెడు కిందికి దిగితే అంకెల కీలు. నడిమి కీ అయిన ఐదు మీద చిన్న చుక్క తగులుతుంది.

మూడు: ఆ చుక్క మీద వేలుంచి, అరచేతిని కుడికి జరపవలెను. బెత్తెడు దూరంలో లోహపు పలక ఆరంభమవుతుంది.

నాలుగు: ఆ పలక మీదనే రంధ్రం ఉంటుంది. పెన్సిలు ములుకు పట్టేంతటిది. చుట్టూ సన్నని అంచు ఉబ్బెత్తుగా ఉంటుంది.

ఆరు: ఇయర్‌ఫోను తీగను అందులో గుచ్చిన వెంటనే తెర నల్లబడుతుంది. వెనక నిలబడినవారికి ఏమీ కనబడదు. స్వరం నీకొక్కదానికే వినబడుతుంది.

ఏడు: నంబరు ఎవరికీ చెప్పవద్దు.

నీ వేళ్ళ దోషమేమీ లేదని నా అభిప్రాయం. యంత్రాలన్నీ ఒకే స్థితిలో ఉండవు. ఒకవేళ దొరకని పక్షంలో దిగులు పడవద్దు. నేను జులై ఇరవై ఎనిమిదిన సెలవు పెట్టి వచ్చి సంతకం చేయగలను. కార్డు నా వద్ద భద్రంగా ఉంటుంది. నీవు అడిగినప్పుడల్లా తీసి పంపగలను.

చదివి పెట్టే వదినగారికి మనవి: దయచేసి వ్యాఖ్యానం లేకుండా చదవగలరు.

ఇట్లు,
నీ తమ్ముడు


ఆసుపత్రి టెలిఫోను గది,
జూన్ 17

లిస్టుబాబూ,

"వ్యాఖ్యానం లేకుండా" అన్న దగ్గరే వదిన చదవడం ఆపేసి పావుగంట వ్యాఖ్యానించింది. "మీ తమ్ముడు ఉత్తరం రాస్తాడా, ప్రభుత్వ ఉత్తర్వు రాస్తాడా?" అంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ కూడా కూర్చుని విన్నది. నా ఉత్తరాలకి ఎప్పుడూ మంచి గిరాకీ.

నువ్వు చెప్పినట్టే చేశాను. కార్డు నోరు, జానెడు కింద కీలు, ఐదు మీద చుక్క, బెత్తెడు కుడికి లోహపు పలక. అచ్చం అలాగే ఉంది. రాతగాడివేరా నువ్వు! నాలుగో దాని దగ్గరికొచ్చేసరికి రంధ్రం లేదు. దాని చోట చొక్కా గుండీ అంత నున్నటిది తగిలింది. మెత్తగా, రబ్బరులా ఉంది. అదే మీట కాబోలని నొక్కాను. పదకొండుసార్లు నొక్కాను. ఏమీ పలకలేదు. గోటితో తీయబోతే గోరు విరిగింది.

కాపలా అతన్ని అడిగాను. "అది మొదట్నుంచీ అంతేనమ్మా. మూడేళ్ళుగా నేనిక్కడే ఉన్నాను, అంతే" అన్నాడు. వదిన వచ్చి చూసి "నల్ల బిరడా పెట్టారు, భలే శుభ్రంగా పెట్టారు, అంచు కూడా కనపడట్లేదు" అంది. ఎవరో పనిమంతుడు చేసిన పనిలా ఉందట.

సరే, అది అలా ఉంచు. ఒక మాట అడుగుతాను. వదిన నీ లిస్టు చదువుతూ "నాలుగు... ఆరు" అంది. "ఐదు మింగావేం వదినా?" అన్నాను. "నేను మింగలేదమ్మా, మీ తమ్ముడే మింగాడు" అంది. తర్వాత కాగితం వేళ్ళ మధ్య రుద్ది చూసి, "దీన్ని మధ్యలో కత్తిరించి మళ్ళీ అతికించాడు, కుట్టు ఇక్కడుంది" అని చెప్పింది. దర్జీ చెయ్యి కదా, అతుకు దాగదు.

ఊళ్ళో అందరూ అంకె తప్పినా నువ్వు తప్పవు. పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ లిస్టులో చచ్చిపోయిన మావయ్య పేరు కొట్టేసి, "నంబరు అలాగే ఉండనీ, వరస చెడుతుంది" అన్నవాడివి. ఐదోది ఏదిరా?

నీ అక్క


సర్వీసు కేంద్రం, మేడ మీది గది,
జూన్ 24

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందినది. అంకె తప్పడం తొందరపాటు వలన జరిగినది. మన్నించగలవు.

ప్రస్తుతం పని ఒత్తిడి అధికంగా ఉన్నది. ఆదివారాలు కూడా యంత్రాల వద్దకు వెళ్ళవలసి వస్తున్నది. ఆ బిరడా విషయం సంబంధిత శాఖకు తెలియజేస్తాను. ఈలోగా గోటితో ప్రయత్నించవద్దు. గోరు తగ్గిందా?

ఇరవై ఎనిమిదిన వస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు


ఆసుపత్రి టెలిఫోను గది,
జులై 1

తమ్ముడూ,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు కిరాణా కొట్టుకి కూడా రాయవు.

ఒక సంగతి చెబుతాను విను. నేను ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు ఎప్పుడూ అడగలేదు. నాకు పద్నాలుగు, నీకు ఎనిమిది. నా చరిత్ర పుస్తకం నువ్వు పైకి చదివేవాడివి, నేను గుర్తు పెట్టుకునేదాన్ని. బడి మానేసినవాడివి నా పుస్తకాలు చదివి చదివే ఇంతవాడివయ్యావని అమ్మ అందరికీ చెప్పుకునేది. అది నిజమే. ఒకరోజు బయట పిల్లలు బంతాట ఆడుతున్నారు. నువ్వు నాలుగు పేజీలు దాటేశావు. కాగితం తిప్పిన చప్పుడు నాకు తెలియదా? ఒక్కటి తిప్పితే ఒకలా ఉంటుంది, కలిపి తిప్పితే ఒకలా ఉంటుంది. "అయిపోయిందక్కా" అన్నావు. నీ గొంతు కూడా కలిపి తిప్పినట్టే ఉంది.

పరీక్షలో ఆ నాలుగు పేజీల్లోంచే పెద్ద ప్రశ్న వచ్చింది. రాయలేదు. ఫస్టు క్లాసు మూడు మార్కులతో పోయింది. నీతో అనలేదు. చిన్నపిల్లాడివి, ఏడుస్తావని.

ఇప్పుడు నీకు నలభై ఆరు. "తొందరపాటు" అన్న మాట వదిన చదువుతుంటే మళ్ళీ అదే చప్పుడు వినిపించింది.

సంతకానికి రా. వచ్చేటప్పుడు ఐదోది తీసుకురా. వదిన ముందు చెప్పలేనిదైతే, వదిన లేనప్పుడు చెప్పు. (ఇది టైపు చేసేటప్పుడు వదిన పక్కనే ఉంది. "నేనేం చేశాను మధ్యలో?" అని అలిగింది.)

నీ అక్క


ఇంట్లో, వంటగది బల్ల మీద,
జులై 13 నుంచి 19 వరకు

అక్కా,

ఇది నీ వేళ్ళతో నువ్వే చదువుతున్నావు. వదినగారికి ఇవ్వకు. ఆవిడకి ఇందులో చుక్కలు తప్ప ఏమీ కనపడవు.

చూపులేనివాళ్ళ బడిలో బ్రెయిలు పలకా, గుచ్చే మొనా అమ్ముతారని తెలిసి కొన్నాను. అక్కడి మాస్టారు "మీ ఇంట్లో ఎవరికి?" అని అడిగారు. "మా అక్కకి" అన్నాను. "ఎప్పటి నుంచి?" అన్నారు. "నేను పుట్టక ముందు నుంచి" అన్నాను. పంతొమ్మిది రోజుల్లో నేర్చుకున్నాను. పంతొమ్మిది రోజుల పనికి నలభై ఏళ్ళు పట్టింది. కుడి నుంచి ఎడమకి, అద్దంలోలా తిరగేసి గుచ్చాలి. ఇలా గుచ్చుతుంటే పెద్ద మాటలు రావడం లేదు. అందుకే "నీవు" అనకుండా "నువ్వు" అంటున్నాను.

ఐదోది ఇది: ఆ బిరడా పెట్టమన్నది నేనే.

మూడేళ్ళ కింద ఆ రంధ్రాల్లో పిల్లలు అగ్గిపుల్లలు దూర్చేవారు. చూయింగ్ గమ్ అంటించేవారు. లోపల తడి చేరి యంత్రం ఆగిపోయేది. ఎన్నిసార్లు ఆగిందో లెక్క నా బల్ల మీదే ఉండేది. నేను ఒక పరిష్కారం కనిపెట్టాను. కొలత తీసి, రబ్బరు కోసి, జిగురు వేసి మూశాను. ఇక పుల్ల దూరదు, తడి చేరదు. ఆఫీసువాళ్ళు మెచ్చుకుని నూట పన్నెండు యంత్రాలకీ అదే చేయించారు. మీ ఊరిది కూడా. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చట్రం కట్టించి గోడకి పెట్టుకున్నాను. కిందటేడు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు, తలుపు పక్కన చేతికి తగిలితే "ఇదేం పటంరా?" అని అడిగావు. "క్యాలెండరు" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకోటి ఉంది. యంత్రాలు తనిఖీ చేసే ముప్పై ఒక్క అంశాల పట్టిక తయారు చేసింది నేనే. అందులో ఇరవై మూడోది: "ఇయర్‌ఫోను రంధ్రం, స్వరం వినబడుతున్నది." దానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పది నిమిషాలు నిలబడాలి. నేను ఒక్కసారి కూడా నిలబడలేదు. వ్యానులో కూర్చునే టిక్కు పెట్టేవాణ్ణి. బిరడా పెట్టాక కూడా "సరి" అనే పెట్టాను. మూసేసిన రంధ్రంలోంచి స్వరం వినబడుతున్నదని మూడేళ్ళు సంతకం చేశాను.

దీన్ని ఎవరు వాడతారులే అనుకున్నాను. నువ్వు గుర్తు రాలేదు. నిజంగా రాలేదక్కా. నీకు పుస్తకాలు చదివి పెరిగినవాడికి, నువ్వు గుర్తు రాలేదు.

నీ మొదటి ఉత్తరంలో "రంధ్రం దొరకలేదు" అన్న చోటే నాకు తెలిసిపోయింది. ఐదో అంశంగా ఇదంతా రాశాను. తర్వాత వదినగారు పైకి చదవడం, జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు వినడం కళ్ళ ముందు కనిపించింది. కత్తిరించేశాను. అది సాకు కూడా కావచ్చు. కొత్త కాగితం మీద తిరిగి రాసి ఉంటే నీకు తెలిసేది కాదు. కానీ ఆరుని ఐదు చేయడానికి చెయ్యి రాలేదు.

అన్నిటికన్నా చెడ్డది ఇంకా చెప్పలేదు. నేను వచ్చి సంతకం పెడితే, కార్డు నా దగ్గరుంటే, నువ్వు మళ్ళీ ఆ యంత్రం దగ్గరికి వెళ్ళవు. బిరడా సంగతి ఎవరికీ తెలియదు. అందరూ నన్ను మంచి తమ్ముడు అంటారు. ఈ ఆలోచన నాకు ఒక పూట కాదు, పదిహేను రోజులు ఉంది.

ఆఫీసులో చెప్పాను. మా పెద్దాయన "నిన్నెవరు అడిగారు? మూడేళ్ళలో ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?" అన్నాడు.

"స్వరం వినబడనివాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు సార్. ఇంక ఫిర్యాదు ఎవరిస్తారు?" అన్నాను.

"అయితే ప్రశంసాపత్రం వెనక్కిస్తావా?" అని నవ్వాడు.

మర్నాడు చట్రంతో సహా ఆయన బల్ల మీద పెట్టాను. అప్పుడు నవ్వలేదు. "బిరడాలు తీసుకుంటే తీసుకో, నీ ఆదివారాలు నీ ఇష్టం. ఆఫీసు తరఫున మాత్రం కాదు" అన్నాడు.

అందుకే ఆదివారాలు. బ్లేడు, స్పిరిటు, చిన్న పట్టకారు పట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి ముప్పై ఎనిమిది తీశాను. తొమ్మిదింటిలో బిరడా తీసినా స్వరం రాలేదు. లోపల చిక్కిన తడికి తుప్పు పట్టింది. అది నా వల్లే. వాటికి కొత్త భాగాలు కావాలని రాసి పెట్టాను. ఎప్పుడొస్తాయో తెలియదు.

మీ ఊరి యంత్రానిది పోయిన గురువారం తీశాను. సెలవు పెట్టి వచ్చాను. మీ టెలిఫోను గది కిటికీ అక్కడికి కనపడుతుంది. నీ గొంతు కూడా వినిపించింది, ఎవరికో "లైన్లో ఉండండి" అంటున్నావు. లోపలికి రాలేకపోయాను.

బిరడా తీశాక ఇయర్‌ఫోను గుచ్చి కళ్ళు మూసుకున్నాను. ఆ స్వరం నేను వినడం అదే మొదటిసారి. ఆడమనిషి గొంతు. "తెర ఆపివేయబడింది. ఇక మీ అంకెలు మీకు మాత్రమే" అంది. మూడుసార్లు ప్రయత్నించాను. ఒకసారి కీ వెతికే లోపే సమయం అయిపోయిందని కార్డు బయటికి తోసేసింది. రెండోసారి ఐదు అనుకుని ఎనిమిది నొక్కాను. మూడోసారి, వెనక నుంచి ఎవరో "త్వరగా బాబూ" అన్నారు. కళ్ళు తెరిచేశాను. నాకు ఆ వీలుంది.

స్వరం కాస్త వేగంగా మాట్లాడుతుంది. కంగారు పడకు. రెండు నొక్కితే మళ్ళీ చెబుతుంది.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఇంతకన్నా నీకు చెప్పే హక్కు నాకు లేదు.

తమ్ముడు


మా ఇంట్లో, కిటికీ పక్కన,
జులై 24

తమ్ముడూ,

ఇది కూడా చుక్కల్లోనే రాస్తున్నాను. కళ్ళతో చదువుకో, తంటాలు పడు.

నీ ఉత్తరం రెండు రోజులు చదివాను. కొన్ని చోట్ల అంత గట్టిగా గుచ్చావు, కాగితానికి చిల్లులు పడ్డాయి. ఏ చోటన్నది నేను చెప్పను, నీకు తెలుసు. వదిన గుమ్మంలో నిలబడి "ఏం రాశాడు? బావున్నాడా? పెళ్ళాంతో గొడవా?" అని అడుగుతూనే ఉంది. "చెప్పను" అన్నాను. యాభై రెండేళ్ళలో ఒక ఉత్తరం విషయంలో ఎవరికైనా "చెప్పను" అనడం ఇదే మొదలు. వదిన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి "ఆ చుక్కలు నాకూ నేర్పు" అంది.

నిన్న వెళ్ళాను. ఎవరినీ తోడు తీసుకెళ్ళలేదు. వరసలో మళ్ళీ ఎవరో వేళాకోళం ఆడారేమో, వినపడలేదు, నా చెవుల్లో ఇంకొకరు మాట్లాడుతున్నారు. మొదటిసారి కార్డు తోసేసింది. రెండోసారి నిలబడ్డాను. ఎంత తీశానో, ఎంత మిగిలిందో నీకు చెప్పను.

మేనేజరు కాగితం అక్కడే చెత్తబుట్టలో వేశాను. చెత్తబుట్ట ఎక్కడుందో మాత్రం కాపలా అతన్ని అడగాల్సి వచ్చింది.

ఇక నీ పద్ధతిలోనే రాస్తాను.

ఒకటి: ఇరవై ఎనిమిదిన రా. సంతకానికి కాదు. గురువారం కిటికీ దాకా వచ్చి తిరిగి పోయావు కదా, ఈసారి తలుపు దాకా రా.

రెండు: ఇంకా డెబ్బై నాలుగు ఉన్నాయి. తీస్తూ ఉండు. తుప్పు పట్టిన తొమ్మిది ఎక్కడెక్కడివో నాకు రాసి పంపు. ఆసుపత్రికి రోజూ నా వంటివాళ్ళు ఫోను చేస్తుంటారు. ఫిర్యాదు ఒక్కటీ రాలేదన్నాడుగా మీ పెద్దాయన, వస్తాయి.

మూడు: ఇరవై మూడో అంశంలో టిక్కు పెట్టే గడి తీసెయ్యి. విన్న మాటలు రాయమను. అవి రాయాలంటే వినక తప్పదు.

నాలుగు: ఆ చరిత్ర పుస్తకం పాత పుస్తకాల కొట్లో ఎక్కడైనా దొరికితే తీసుకురా. ఆ నాలుగు పేజీల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఐదు: నాకు కోపంగా ఉంది. మసాజు అన్న ఆయన మీద లేదు, మేనేజరు మీద లేదు, నీ మీదే ఉంది. నువ్వు వచ్చినా ఉంటుంది, అన్నం పెడుతున్నప్పుడూ ఉంటుంది. ఎప్పుడు పోతుందో నాకే తెలియదు. పోయిన రోజు నేనే చెబుతాను. ఈలోగా నువ్వు దాని ఎదురుగా "సరి" అని టిక్కు పెట్టకు.

అక్క